సూరివలస తూర్పు

జగన్నాధం ఇల్లు వీధికి వంకరగా ఉంటుంది. సూరివలసలో సముద్రం వైపు వీధి ఇళ్లన్నీ బడిపిల్లల వరసలా ఒకే దిక్కుకు మొహం పెట్టి నిలబడితే, ఆయన ఇల్లొక్కటే ఎవరిమీదో అలిగినట్టు కాస్త ఎడమకు తిరిగి ఉంటుంది. ఇల్లు కట్టేటప్పుడు విజయనగరం నుంచి వచ్చిన సిద్ధాంతి దిక్సూచి పెట్టి గీత గీశాడు. ఆ గీత మీదే పునాది తవ్వారు. అప్పట్నుంచి ఊళ్లో ఆయన పేరు వంకరింటి జగన్నాధం. ఆయన ఏమీ అనుకోలేదు. సిద్ధాంతి మాట ముందు ఊరి నవ్వు ఎంత అని ఊరుకున్నాడు.

కళింగపట్నం దాటి తీరం వెంబడి పోతే వచ్చే ఊరది. సరుగుడు తోటకు ఇవతల చింతచెట్ల నీడలో చిన్న సూర్యదేవుడి గుడి ఉంది. గుమ్మం ఎంత పొట్టిదంటే, తల వంచందే స్వామి కనిపించడు. కార్తీకంలో కొన్ని ఉదయాలు, మళ్లీ మాఘంలో కొన్ని ఉదయాలు, తోట మీంచి లేచిన సూర్యుడి కిరణం ఆ గుమ్మంలోంచి దూరి స్వామి పాదాల మీద పడుతుంది. పడి కాసేపుంటుంది, జారిపోతుంది. ఆ వెలుగు కళ్లకద్దుకోకుండా జగన్నాధం ఏ మాఘమూ దాటలేదు.

ఈ ఏడు గుడి కమిటీకి పెద్ద రమేష్‌బాబు. కాంట్రాక్టు పనులు చేసేవాడు. గుడి ముందు స్లాబు మండపం వేయిస్తానన్నాడు. అర్చకుడు కూర్మయ్య ససేమిరా అన్నాడు.

"స్తంభం అడ్డొస్తే స్వామి పాదాలు సీకట్లో ఉండిపోతాయి బాబూ. ఎండకు తడికెలేసుకుందాం గానీ స్లాబొద్దు."

"నీ తడికెలు ఎన్నాళ్లుంటాయి కూర్మయ్యా? పెపంచం ఎక్కడికో ఎలిపోతంటే!" అన్నాడు రమేష్‌బాబు.

ఇద్దరి మధ్యా మాట పెరక్కుండా జగన్నాధం కలగజేసుకున్నాడు. కూర్మయ్య ఆయనకు ఊరి వరసకు బావ, చిన్నప్పుడు ఒకే పలక మీద దిద్దుకున్నవాడు. "ఉండండర్రా. మా యమున సదివేది ఈ సదువే. దాన్నడుగుతాను. స్తంభాలెక్కడేస్తే కిరణానికి అడ్డు రాదో లెక్క తీసి సెప్తాది" అన్నాడు.

యమున విశాఖపట్నంలో ఫిజిక్స్‌లో పరిశోధన చేస్తోంది. అంటే గాజుగొట్టాలూ తీగలూ పెట్టుకుని చేసేది కాదు, అంతా కంప్యూటర్లోనే. వేడి ఎలా పాకుతుంది, కెరటం ఎలా విరుగుతుంది అన్నది అంకెల్లో వేసి చూస్తారట. తండ్రి అడగ్గానే ఫోన్లో ఎగిరి గంతేసినంత పని చేసింది.

"భలే పని నాన్నా! సూర్యుడు ఏ రోజు ఏ నిమిషంలో ఎక్కడుంటాడో సెప్పే ప్రోగ్రాములు నెట్‌లో ఊరికే దొరుకుతాయి. ఎలుగు ఎక్కడ తగిలి ఎటెల్తాదో సూపించేవి వేరే ఉన్నాయి. రెండూ కలిపితే సరి. నువ్వు గుమ్మం కొలతలు పంపు. స్వామి ఎంత లోపలున్నాడో కొలు. గుడి ఎటు మొహం?"

"తూర్పు."

"సరిగ్గా తూర్పేనా? పైనుంచి తీసిన బొమ్మలో చింతకొమ్మలు తప్ప ఏటీ అవుపించట్లేదు."

"స్వామినే అనుమానిస్తన్నావేటే? సముద్రంలోకి సూస్తాడు గదా. తూర్పు కాపోతే పడమరా?"

"సరే, తూర్పే" అంది యమున.

టేపు ఒక కొస భార్య ధనలక్ష్మి చేత పట్టించి, కూర్మయ్యను లోపల నిలబెట్టి, జగన్నాధం అన్నీ కొలిచి పంపాడు. ఆ పని ఆనందంగా జరిగింది. ఆ ఆనందం ఎంతో కాలం నిలవలేదు.

యమున మళ్లీ ఫోన్ చేసినప్పుడు ఆమె గొంతులో గంతు లేదు.

"నాన్నా, లెక్కలో కిరణం పాదాల మీద పడట్లేదు."

"మండపం ఏస్తేనా?"

"మండపం నేకుండానే. మాఘంలో కిరణం గుమ్మంలోకొచ్చి ఉత్తరం గోడ మీద పడతంది. స్వామిని తాకట్లేదు. పడితే ఉగాది దగ్గర్లో పడాలి. మాఘంలో ఎలాగ పడతాదో నాకూ అర్థం కాలేదు."

ఆమె పంపిన బొమ్మ ఫోన్లో వచ్చింది. బూడిదరంగు గది, అందులో చిన్న దిమ్మ, దిమ్మ పక్కనుంచి పోయి గోడకు కొట్టుకున్న పసుప్పచ్చ గీత. జగన్నాధం ఆ గీతను వేలితో పక్కకు జరపబోయాడు. బొమ్మ పెద్దదైంది గానీ గీత జరగలేదు.

ముందుగా ఆయన అనుమానం ఆ ప్రోగ్రాముల మీదికే పోయింది.

"ఎవుడే ఊరికే ఇచ్చేవోడు? ఊరికే ఇచ్చింది ఊరికే పోతాది."

"పెపంచంలో సదువుకున్నోళ్లు అందరూ కలిసి రాస్తారు నాన్నా. ఎవరైనా వాడుకోవచ్చు."

"అందరూ సెయ్యెట్టిన కూరలో ఉప్పెవుడేసినట్టు?"

"అదే సెప్తన్నాను. తప్పు కనపడితే అందరికీ తెలిసేలాగ అక్కడే రాయమంటారు. దాపరికం ఉండదు. నీకు నమ్మకం నేకపోతే పరీచ్ఛ పెట్టు."

జగన్నాధం పంచాంగం తీశాడు. మొన్న భాద్రపదంలో వచ్చిన చంద్రగ్రహణం పట్టువిడుపులు అడిగాడు. ఆయన గ్రహణం పట్టింది మొదలు విడిచేదాకా జపం చేసినవాడు, ఆ వేళలు నోటికి వచ్చు. యమున చెప్పింది పంచాంగంతో కలిసింది. సూర్యోదయాలు అడిగాడు. కలిశాయి. ఊరికే ఇచ్చినవాడు ఎవడో గానీ, మోసగాడు మాత్రం కాడు.

మరి మోసం ఎక్కడుంది?

ఆ ప్రశ్న ఆయన అడగాలని అడిగింది కాదు. అన్నం తింటుంటే వచ్చి పక్కన కూచుంది. ప్రోగ్రాము అబద్ధం కాకపోతే, కిరణం అబద్ధం. కిరణం కళ్లారా చూసిందే. మరైతే ఆ కిరణాన్ని ఎవరో పాదాల మీదికి తిప్పుతున్నారు. లోపల ఉండేది ఒక్కడే.

అనుమానం పుట్టాక పాత సంగతులన్నీ కొత్త బట్టలు కట్టుకుని వచ్చాయి. కిరణం పడే వేళకు కూర్మయ్య అందర్నీ గుమ్మం ముందు నుంచి తప్పుకోమని గోల పెడతాడు. ఎందుకు? లోపల స్వామికి ఎడంపక్కన, ఎప్పుడూ ఒకే చోట నిలబడతాడు. ఎందుకు? మండపం అనగానే అంతలా అడ్డం పడ్డాడు. ఎందుకు?

"ఏటాలోసిస్తన్నారు? పప్పులో ఉప్పు నేదని సెప్పనే నేదు" అంది ధనలక్ష్మి.

"ఉన్నాది."

"నేదండీ. నానే మర్సిపోనాను."

మర్నాడు మధ్యాహ్నం కూర్మయ్య భోజనానికి వెళ్లిన వేళ చూసుకుని జగన్నాధం గుడికి వెళ్లాడు. వెళ్లే ముందు తలస్నానం చేసి మడిబట్ట కట్టుకున్నాడు. స్నానం చేసి మరీ దొంగతనానికి పోయినవాడు ఆ ఊళ్లో ఆయనొక్కడే అయుంటాడు. గుడికి గడియే గానీ తాళం లేదు. తల వంచి లోపలికి దూరాడు. పుట్టి బుద్ధెరిగాక గర్భగుడిలో అడుగు పెట్టడం అదే మొదలు. "నీ కోసమే సామీ, నీ మీద అనుమానంతో కాదు" అని లోలోపల చెప్పుకున్నాడు. 

పీఠం వెనక తడిమాడు. నూనె జిడ్డు, ఎండిన మందారాలు, పాత వత్తులు. ఇంకొంచెం లోపలికి చెయ్యి పోనిచ్చాడు. చల్లగా ఏదో తగిలింది. తీసి చూస్తే పొందూరు బట్ట ముక్కలో చుట్టిన అద్దం! అరచేతి కంటే కాస్త పెద్దది, ఇత్తడి అంచు, వెనక పిడి.

బయట ఎండుటాకుల మీద అడుగుల చప్పుడైనట్టుంటే, అద్దాన్ని చేతికి వచ్చినట్టు చుట్టి తోసేసి, గుమ్మానికి నుదురు కొట్టుకుని బయటపడ్డాడు.

ఇక్కడితో ఆగినా బాగుండేది. కానీ కడుపులో దాచుకోలేని మాట అది. సాయంత్రం టీ బడ్డీ దగ్గర రమేష్‌బాబు కలిసి, "మావా, లెక్క ఏటయ్యింది? నుదుటి మీద ఆ బొప్పేటి?" అని అడిగేసరికి నోరు జారింది. లెక్క సంగతి చెప్పాడు. అద్దం సంగతి చెప్పకూడదనుకుంటూనే చెప్పాడు.

రమేష్‌బాబు నవ్వు ఆపుకోలేకపోయాడు. "అద్దంతో పనైతే మండపమేటి మావా, మేడ కట్టినా కిరణం వస్తాది! ఇన్నాళ్లూ ఊరందరి సెవిలో పువ్వెట్టాడన్నమాట. ఆదివారం మొదటి కిరణం నాడు అందరి ముందూ ఆ అద్దం తీయిస్తాను. ఆ పూటే పూజ మాన్పించేస్తాను. ఇచ్ఛాపురం కాడ నాకు తెలిసిన అర్చకులున్నారు."

"ఒరే, తొందర పడకురా" అన్నాడు జగన్నాధం. ఆ మాట ఆయన చెవికే గట్టిగా వినిపించలేదు. తాతల నాటి నుంచి ఆ గుడి దీపమే బతుకైన కూర్మయ్య, ఆదివారం దాటితే ఎవరు? దారిలో కూర్మయ్య ఎదురుపడి "బావా" అని పిలిస్తే, పొలంలో పనుందని పక్క సందులోకి తిరిగిపోయాడు. కూర్మయ్య పిలుపు మాత్రం సందు చివరిదాకా వెంట వచ్చినట్టనిపించింది.

శుక్రవారం సాయంత్రం యమున వచ్చింది. శనివారం తెల్లారి జగన్నాధం స్నానం చేసి, సూర్యుడికి అర్ఘ్యం ఇచ్చి లోపలికి వస్తుంటే, ఆమె వీధి గదిలో చాప మీద కూచుని గోడ వైపు చూస్తోంది. వీధి గుమ్మంలోంచి వచ్చిన పొద్దుటెండ ఏటవాలుగా పోయి ఉత్తరం గోడ మీద, క్యాలెండర్ పక్కన పడింది.

"సూడు నాన్నా. నా లెక్కలో బొమ్మ అచ్చం ఇదే. తూర్పు గుమ్మం, మాఘం ఎండ, ఉత్తరం గోడ. తప్పు నేదు."

జగన్నాధం ఆ ఎండ వంక చూశాడు. నిజమే. కళ్ల ముందే ఉంది, ప్రతి మాఘమూ ఉంటుంది. ఇంక కూర్మయ్యకు దిక్కు లేదు అనుకుని, మనసు బరువెక్కి అరుగు మీదికి వచ్చాడు. పక్కింటి అప్పలమ్మ తన గదిలో కూచుని చేటలో ఉలవలు చెరుగుతోంది. ఆమె గుమ్మంలోంచి ఎండ తిన్నగా, బాణంలా, వెనక గోడ దాకా పరుచుకుని ఉంది. చేటా, ఉలవలూ, అప్పలమ్మ ముక్కుపుడకా అన్నీ మెరుస్తున్నాయి.

జగన్నాధం ఆ గుమ్మం చూశాడు. వెనక్కి తిరిగి తన గుమ్మం చూశాడు. మళ్లీ ఆ గుమ్మం చూశాడు.

"అప్పలమ్మా, నీ ఇల్లు ఎటు మొహమే?"

"ఏటి బావా, పొద్దున్నే! తూర్పు. ఎటుంటాది?"

"యమునా! మనదేటే?"

"తూర్పు" అంది లోపల్నుంచి యమున.

"మరి దాని ఎండ తిన్నగా ఎల్లి మన ఎండ వంకరగా ఎల్తాదేటే? తూర్పులు రెండున్నాయేటి?"

యమున గుమ్మంలోకి వచ్చింది. వీధినీ, ఇంటినీ, సముద్రాన్నీ చూసింది. తర్వాత నెత్తి మీద చేత్తో ఠపీమని కొట్టుకుంది.

"అయ్యో నాన్నా! మన ఊళ్లో సముద్రమే తూర్పు! పడవలెల్లేది తూర్పు, గాలొచ్చేది తూర్పు. కానీ మన తీరమే వాలుగా ఉన్నాది. సముద్రం సరిగ్గా తూర్పున నేదు, దచ్చిణానికి ఒరిగుంది. సిద్ధాంతిగారు దిక్సూచి పెట్టేరు కాబట్టి మనిల్లే తూర్పు. మిగతా ఊరంతా..."

"స్వామి కూడాను" అన్నాడు జగన్నాధం.

"నువ్వు తూర్పన్నావు. నేనూ ఈ ఊరి పిల్లనే కదా, నాకూ తూర్పే అనిపించింది. ప్రోగ్రాముకేటి తెలుసు? మనం ఏ తూర్పు సెప్తే ఆ తూర్పుకే లెక్క సేస్తాది."

ఇద్దరూ గుడి దాకా నడిచారు. యమున గుమ్మం ముందు నిలబడి ఫోన్లో దిక్కు చూసుకుంది. చింతచెట్టు కిందే కూచుని, తూర్పు అని రాసిన చోట ఆ అంకె మార్చింది. కంప్యూటర్ కాసేపు ఆలోచించింది. పసుప్పచ్చ గీత గుమ్మంలోంచి దూరి దిమ్మ అడుగున, సరిగ్గా పాదాలుండే చోట ఆగింది. మాఘంలో ఒకసారి. కార్తీకంలో ఒకసారి.

జగన్నాధానికి కళ్లు చెమర్చాయి. సంతోషమనుకుని యమున నవ్వింది. అది సంతోషం కాదని ఆయనకు తెలుసు. వీధికి వంకరని ఊరంతా నవ్విన ఇంట్లో ఇన్నేళ్లు పడుకుని లేచినవాడు, తన గుమ్మానికి సిద్ధాంతి తూర్పూ, స్వామికి ఊరి తూర్పూ ఇచ్చి, మధ్యలో వచ్చిన తేడాని కూర్మయ్య నెత్తిన పెట్టాడు.

మధ్యాహ్నం ఆయన కూర్మయ్య ఇంటికి వెళ్లేసరికి, కూర్మయ్య అప్పుడే భోజనం చేసి అరుగు మీద నడుం వాల్చాడు. జగన్నాధం వెళ్లి కాళ్ల దగ్గర కూచుంటే లేచి కూచున్నాడు.

"బావా, నాను తప్పు సేసేను. గుళ్లో..."

"తెలుసు" అన్నాడు కూర్మయ్య. "అద్దం నాను నిలబెడతాను, నువ్వు బోర్లా ఎట్టేవు. బట్ట తిరగేసి సుట్టేవు. గుమ్మానికి నుదురు కొట్టుకున్నోడు ఊళ్లో ఇంకెవుడూ నేడు గదా."

"ఆ అద్దం..."

"పూజలో స్వామికి అద్దం సూపించొద్దా? గొడుగు, సామరం, అద్దం. ఇన్ని పూజలకొచ్చేవు, కళ్లు మూసుకుని దణ్ణమెట్టుకున్నావు గానీ ఎప్పుడైనా సూసేవా?"

జగన్నాధం తల వంచుకున్నాడు. ప్రతి మాఘంలోనూ విన్నాడు, 'దర్పణం దర్శయామి' అని. ఆ మాటకు అద్దమని అర్థం చూసుకోవాలని ఒక్కనాడూ తోచలేదు.

"మరి గుమ్మం ముందునుంచి అందర్నీ ఎందుకు తప్పుకోమంటావు?"

"నీ బొర్ర అడ్డముంటే ఎలుగెలాగొస్తాది బావా?" అన్నాడు కూర్మయ్య. నవ్వలేదు. "ఆ కంప్యూటరోళ్ల సంగతి యమున నాకూ సెప్పింది, మొన్న ఫోన్లో. తప్పుంటే అందరి ముందూ సెప్పమంటారట. మంచి పద్ధతి. నువ్వు దొంగలాగొచ్చి ఎతికేవు. దొరలాగొచ్చి అడిగితే నాను సెప్పనా?"

జగన్నాధం రమేష్‌బాబుకు చెప్పిన సంగతి కూడా చెప్పేశాడు. కూర్మయ్య మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

"నాను పోయి రమేషుకు అసలు సంగతి సెప్పేస్తాను" అన్నాడు జగన్నాధం.

"సెప్పు. నమ్మడు. అనుమానం నీ నోటితో ఎల్లింది, నీ నోటితో ఎనక్కి రాదు."

నిజమే అయింది. రమేష్‌బాబు అంతా విని, "మొన్న నేదన్నాది, ఈ పొద్దు ఉన్నాదన్నాదా ఆ కంప్యూటరు? బావా బావా ఒకటైపోనారు, అంతే" అన్నాడు.

ఆదివారం తెల్లవారేసరికి ఊరంతా గుడి ముందే ఉంది. రమేష్‌బాబు గుమ్మానికి అతి దగ్గరగా నిలబడ్డాడు, చేతిలో ఫోన్ కెమెరా తెరిచి. సముద్రం మీద మంచు పట్టి ఉంది. సరుగుడు కొసలు కూడా కనిపించడం లేదు. జగన్నాధం మనసులో పాత పురుగు మళ్లీ కదిలింది. లెక్క తప్పిందో, తూర్పు మళ్లీ తప్పిందో, అసలు ఇన్నేళ్లూ తాను చూసింది ఏమిటో. యమున ఆయన చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యీ చల్లగానే ఉంది.

అప్పుడు కూర్మయ్య తల వంచి గుమ్మంలోంచి బయటికి వచ్చాడు. చేతిలో పొందూరు బట్ట చుట్టిన అద్దం. జనంలోంచి దారి చేసుకుని నేరుగా జగన్నాధం దగ్గరకు వచ్చాడు.

"పట్టుకో బావా. బట్ట తియ్యకు. ఆ చింతచెట్టు అవతలకెల్లి నిలబడు. రమేష్‌బాబూ, నువ్వు నా ఎనకాల లోపలికి రా. నా రెండు సేతులూ పట్టుకో."

"నానా? గర్భగుళ్లోకా?" రమేష్‌బాబు తడబడ్డాడు.

"స్నానం సేసేవా?"

"సేసేను."

"అయితే రా."

జనానికేం తెలుసు! చింతచెట్టు అవతల అద్దం పట్టుకుని నిలబడిన జగన్నాధాన్ని చూసి దణ్ణాలు పెట్టడం మొదలుపెట్టారు. "ఏటి అదృష్టం! స్వామి అద్దం మోస్తన్నాడు వంకరింటాయన" అంది అప్పలమ్మ. ఆమె ఆ అద్దాన్ని కళ్లకద్దుకోబోతే జగన్నాధం వెనక్కి తగ్గాడు. చెట్టు అవతల నుంచి గుమ్మం కనిపించదు. ఒక్కటీ తప్పకుండా వచ్చిన ఇన్ని మాఘాల్లో, ఆయనకు పాదాలు కనిపించని మాఘం అదే.

మంచు మెల్లగా విచ్చింది. తోట కొసలు ఎర్రబడ్డాయి. ఎండ నేల మీద పాకుతూ జనం కాళ్ల మధ్యనుంచి పోయింది. "తప్పుకోండి, తప్పుకోండి!" అని ఈసారి లోపల్నుంచి అరిచింది కూర్మయ్య కాదు, రమేష్‌బాబు. ఆ తర్వాత, తాడు తెగినట్టు, ఊరంతా ఒక్కసారిగా "ఆదిత్యా!" అంది.

జగన్నాధం చెట్టు మానుకు నుదురు ఆనించి, అద్దాన్ని గుండెకు పట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. యమున చూసి వచ్చి చెప్పింది, పడిందని.

రమేష్‌బాబు చాలాసేపటికి బయటికి వచ్చాడు. ఎవరి మొహమూ చూడలేదు. "మండపం సంగతి తరవాత సూద్దాం" అన్నాడు. "స్తంభాలెక్కడెయ్యాలో అమ్మాయి సెప్పినాకే." కూర్మయ్యను పూజ మాన్పించే మాట మళ్లీ ఎత్తలేదు.

జనం ప్రసాదం కోసం కదిలాక కూర్మయ్య చెట్టు దగ్గరికి వచ్చి చెయ్యి చాచాడు. ఆ చెయ్యి మణికట్టు దగ్గర రమేష్‌బాబు వేళ్లు గట్టిగా పట్టిన గుర్తులు ఎర్రగా ఉన్నాయి. జగన్నాధం అవి చూశాడు. ఆయన చూడడం కూర్మయ్యా చూశాడు.

"ఇయ్యి బావా. స్వామికి ఇంకా అద్దం సూపించనేదు."